జేజి పాటకు బీట్ ఎక్కడ వేయాలి?

మొదటి ట్రాక్ అయిపోయిందని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టగానే కజిన్స్ అందరూ వరసబెట్టి ఫైర్ ఎమోజీలు కొట్టారు. మా పెద్దత్త దగ్గర మాత్రం ఇంకా బటన్ ఫోనే. అందుకే ఆ ఆదివారం కడప నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కి వెళ్ళి, హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు తగిలించి ప్లే నొక్కాను. మూడు నిమిషాల నలభై సెకన్ల పాట. కింద కిక్ డ్రమ్, బాస్. పైన సింథ్. మధ్యలో, చనిపోయిన మా జేజి గొంతు. అత్త కళ్ళు మూసుకుని మొత్తం వినింది. హెడ్‌ఫోన్స్ తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

“బాగుందిరా నాయనా. పెండ్లిలో పెడితే పిల్లోళ్ళు ఎగుర్తారు. కానీ ఇందులో మాయమ్మ యాడుండాది?”

నాకు లోపల చిర్రెత్తింది. పాటంతా ఉన్నది ఆమె గొంతే కదా! రెండు నెలల పాటు రాత్రిళ్ళు కూర్చుని శ్రుతి సరిచేశా, తాళం సరిచేశా, నాయిస్ తీసేశా. తిరుగు బస్సు ఎర్రగుంట్ల దాటేదాకా అత్త మీద కోపమే. ఆ తర్వాత ఒక డౌట్ మొదలైంది. నేను సరిచేసిన వాటిలోనే జేజి ఉండేదేమో?

ఆ డౌట్ తీరడానికి దాదాపు ఏడాది పట్టింది. ఈలోపు నా ఆరు పాటల ఆల్బమ్‌ను మొదటి నుంచి మళ్ళీ చేశాను. సొంతంగా పాటలు చేయాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఆ కథ చెబుతున్నా.

43 డిగ్రీల్లో ఫ్యాన్ బంద్

నేను సంగీతం చదువుకోలేదు. ఇంజినీరింగ్ చేసి, బెంగళూరు కంపెనీకి బ్యాకెండ్ కోడ్ రాస్తుంటా. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కడపలో మా ఇంటి వెనక గదే ఆఫీసు, రాత్రయితే అదే స్టూడియో. ఒక కండెన్సర్ మైక్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, పాత ల్యాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ రీపర్. దానికి 60 రోజుల ట్రయల్ ఉంటుంది, నచ్చితే కొనుక్కోవచ్చు.

ఇంట్లో చేస్తే ఆల్బమ్ అవుతుందా అని అడిగేవాళ్ళకు చెప్పడానికి ఉదాహరణలు చాలానే ఉన్నాయి. బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్‌ను ఆమె అన్న ఫినియాస్ లాస్ ఏంజెలెస్‌లో వాళ్ళ ఇంటి పడకగదిలోనే ప్రొడ్యూస్ చేశాడు. 2019లో వచ్చిన ఆ ఆల్బమ్ మరుసటి ఏడాది గ్రామీల్లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గెలిచింది. అంత దూరం ఎందుకు? మన కడప పెద్ద దర్గాకు తరచూ వచ్చే ఏ.ఆర్.రెహమాన్ కూడా చెన్నైలో ఇంటి పెరట్లో కట్టుకున్న స్టూడియోతోనే మొదలుపెట్టారు.

కానీ చెన్నై వేరు, లాస్ ఏంజెలెస్ వేరు. మా గదికి రెండు సమస్యలు. ఒకటి ఎండ. మే నెలలో కడపలో 42, 43 డిగ్రీలు మామూలే. రికార్డింగ్ టైమ్‌లో ఫ్యాన్ వేస్తే ఆ గాలి శబ్దం ట్రాక్ నిండా ఉంటుంది. అందుకే తెల్లారుజామున నాలుగింటికి లేచి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేయాలి. ఐదున్నరకల్లా పాల బండి, ఆరింటికి మోటార్లు మొదలవుతాయి. రోజుకు గంటన్నరే పని.

రెండోది మా కడప బండ. ఊళ్ళో సగం ఇళ్ళకు అదే గచ్చు. కాళ్ళకు చల్లగా ఉంటుంది కానీ శబ్దానికి అది అద్దం లాంటిది. చప్పట్లు కొడితే గదంతా ‘టంగ్’ మని మోగుతుంది. ఆన్‌లైన్‌లో ఫోమ్ ప్యానెల్స్ ధర చూసి కళ్ళు తిరిగాయి. చివరికి మా అమ్మ అటక మీది పాత బొంతలు దించింది. రెండు నేల మీద పరిచి, రెండు నులక మంచాన్ని నిలబెట్టి దాని మీద ఆరేశా. ఆ మోత చాలావరకు చచ్చిపోయింది. మీరూ మొదట ఖర్చు పెట్టాల్సింది ఖరీదైన మైక్ మీద కాదు. ముందు గది మోతను చంపండి. మామూలు మైక్ కూడా మంచి గదిలో బాగా పలుకుతుంది.

పోయిన ఫైలు తిరిగి రాదు

అసలు పాటలెక్కడివి? 2019 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు జేజి చేత ఊరికే పాడించుకున్నవి. ఇసుర్రాయి పాటలు, జోలపాటలు. ఫోన్‌లో పది దాకా రికార్డు చేశా. 2021లో జేజి పోయింది. అప్పటికే నేను ఫోన్ మార్చేశా. బ్యాకప్‌లో ఫోటోలు వచ్చాయి, ఆడియోలు రాలేదు. కజిన్‌కు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన నాలుగు మాత్రం మిగిలాయి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ అంటే బాగా కుదించిన ఆడియో. మాట అర్థం కావడానికి సరిపోతుంది. కానీ గొంతులోని సన్నటి ఊపిరి, పైస్థాయి శబ్దాలు చాలావరకు పోతాయి. ఒకసారి పోయాక ఏ సాఫ్ట్‌వేరూ వాటిని నిజంగా వెనక్కి తేలేదు. ఉన్నదాన్ని కాస్త తుడిచి చూపిస్తుంది, అంతే. నేను వాడాల్సిన ముడిసరుకు అదే.

సరైన పద్ధతి ఎంత తేలికో తర్వాత తెలిసి తల పట్టుకున్నా. ఫోన్‌లోనే వావ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే ఉచిత యాప్‌లున్నాయి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, మోనోలో చేస్తే నిమిషానికి సుమారు ఎనిమిదిన్నర ఎంబీ. ఐదు నిమిషాల పాటకు 43 ఎంబీ. మనం చూసి మర్చిపోయే వీడియోలకు అంతకంటే ఎక్కువ డేటా పోతుంది. మిగిలిన ఆరు పాటలు అలా ఉంచుకుని ఉంటే చాలు. ఉంచుకోలేదు.

తాళ్ళపాక రేకుల్లో లేనిది

ఈ బాధలో ఉన్నప్పుడు ఒకరోజు రాజంపేట పని మీద వెళ్తూ బస్సులోంచి 108 అడుగుల అన్నమయ్య విగ్రహం చూశా. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిందే. ఆ రాత్రి ఊరికే చదవడం మొదలుపెడితే ఒక విషయం దగ్గర ఆగిపోయా.

తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనలు రాశారని చెబుతారు. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల గుడిలో ఒక అరలో శతాబ్దాల పాటు ఉండిపోయి, 1922లో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు, పన్నెండు వేలకు పైగా కీర్తనలు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు కూర్చుని పరిష్కరించి అచ్చు వేయించారు. సాహిత్యం బతికింది.

మరి పాట? ప్రతి కీర్తన మీదా రాగం పేరుంది. స్వరం లేదు. అన్నమయ్య దాన్ని ఎలా పాడాడో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. మా భాషలో చెప్పాలంటే మెటాడేటా ఉంది, ఆడియో లేదు.

అప్పుడు ఆ పని తలకెత్తుకున్నవాళ్ళలో మన సీమ మనిషి ఒకరున్నారు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). మైసూరులో దశాబ్దాలు తెలుగు పాఠం చెప్పి, ఆ తర్వాత తిరుపతి చేరి, వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. ఆయన తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు. ‘నానాటి బతుకు’ అనగానే మీ చెవిలో మోగే రేవతి రాగపు బాణీ నేదునూరిది. బాలకృష్ణప్రసాద్ ఒక్కరే వందల కీర్తనలకు బాణీలు కట్టారు. మనం ‘అన్నమయ్య పాట’ అని వింటున్న వాటిలో చాలా వాటి బాణీ ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిందే.

అందులో తప్పేం లేదు. వాళ్ళు అలా చేయకపోతే ఆ రేకులు మ్యూజియం వస్తువులుగా మిగిలేవి. నా తల తిరిగింది వేరే చోట. వాళ్ళకు అసలు పాట వినే దారి లేదు కాబట్టి కొత్తది కట్టారు. నా దగ్గర అసలు పాట ఉంది. నాలుగు అరిగిపోయిన ఫైళ్ళలోనైనా ఉంది. దాన్ని నేనే నా చేత్తో చెరిపి, దాని మీద కొత్తది వేసుకున్నా.

గింజలు పోసినప్పుడు ఆగేది

అరేంజ్‌మెంట్ అంటే చాలామంది వాయిద్యాలు పేర్చడం అనుకుంటారు. నేనూ అంతే అనుకున్నా. ఏ వాయిద్యం ఎప్పుడు రావాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నదే అసలు పని.

మొదటిసారి నేను చేసిందేంటంటే, 90 బీపీఎంకు క్లిక్ పెట్టి, జేజి గొంతును ముక్కలు కోసి ఆ గీతల మీద కూర్చోబెట్టా. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని క్వాంటైజ్ అంటారు. జేజి పాడింది ఒకచోట 84, ఇంకోచోట 93. పెద్దామె కదా, తాళం నిలవలేదు అనుకున్నా.

అనుమానంతో మళ్ళీ ప్రొద్దుటూరు వెళ్ళి, అదే పాట పాడమని అత్తను అడిగా. కుర్చీలో కూర్చుని రెండు ముక్కలు పాడి ఆగిపోయింది.

“రాదురా. చెయ్యి ఆడకపోతే పాట రాదు.”

దొడ్లో నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువుకు పెట్టిన రాయి ఉంది. అది పాత ఇసుర్రాయి పైదిమ్మ. కింది దిమ్మ గోడ పక్కన మట్టిలో సగం పూడుకుపోయి ఉంది. ఇద్దరం కలిసి తవ్వి, కడిగి, ఎండబెట్టి, పిడి బిగించాం. శేరు రాగులు తెచ్చి పోసింది. తిప్పడం మొదలుపెట్టింది. పాట దానంతట అదే వచ్చింది.

అప్పుడు చూశా. ప్రతి నాలుగైదు చుట్లకోసారి ఎడంచేత్తో గుప్పెడు గింజలు రాతి గుంటలో పోస్తుంది. పోసిన క్షణం రాయి బరువెక్కి నెమ్మదిస్తుంది. పాట కూడా నెమ్మదిస్తుంది. గింజలు నలిగేకొద్దీ రాయి తేలికై తిరుగుడు పెరుగుతుంది. పాటా పరుగెత్తుతుంది. చరణం చివర సాగదీత ఉంటుందే, అది సంగతి కాదు, గమకం కాదు. గింజలు పోసే టైమ్.

జేజికి తాళం తప్పలేదు. సంక్రాంతికి నేను రికార్డు చేసినప్పుడు ఆమె చేతిలో రాయి లేదు కానీ చెయ్యి మాత్రం ఒళ్ళో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నాకది ఇప్పుడు గుర్తొచ్చింది. నేను 90కి కట్టేసి తీసేసింది ఆ చెయ్యినే.

ఇక పని తలకిందులైంది. క్లిక్‌కు గొంతును వంచకుండా, గొంతుకు క్లిక్‌ను వంచా. దీన్ని టెంపో మ్యాప్ అంటారు. పాట వింటూ ప్రతి దెబ్బ దగ్గరా ఒక గుర్తు పెడితే, సాఫ్ట్‌వేర్‌లోని గీతలు పాటతో పాటు సాగుతాయి, కుంచించుకుంటాయి. ఒక్క పాటకు మూడు రాత్రులు పట్టింది. కిక్ డ్రమ్ తీసేశా. దాని చోట ఇసుర్రాయి శబ్దమే పెట్టా. మైక్‌ను రాయికి జానెడు దూరంలో, పిండి పడకుండా పల్చటి గుడ్డ కట్టి. రాతి గరగర మంచి షేకర్ లాగా, రాయి తిరిగే బరువు బాస్ లాగా పనికొచ్చాయి. దాని మీద ఒక తంబూర శ్రుతి, మూడో చరణంలో చెక్కభజన చెక్కలు, అంతే. సింథ్ ఒక్క పాటలోనే మిగిలింది.

ఆటోట్యూన్ కూడా తీసేశా. నాయిస్ కొంచెమే తగ్గించా. రెండో పాట మధ్యలో ఒక కోడి కూస్తుంది. దాన్ని ఉంచేశా.

యాస తుడిచేయాలా?

ఇద్దరు ఫ్రెండ్స్ ఇంకో సలహా ఇచ్చారు. “సీమ యాసలో ఉంటే కోస్తావాళ్ళకు, హైదరాబాద్‌వాళ్ళకు ఎక్కదు మచ్చా. మాటలు మార్చి వేరే సింగర్‌తో పాడించు.” 

వాళ్ళకు 2018 గుర్తుచేశా. ఆ ఏడాది ‘కృష్ణార్జున యుద్ధం’ సినిమాలో ‘దారి చూడు’ పాటను రాసి, పాడింది కడప జిల్లా జానపద కళాకారుడు పెంచల్‌దాస్. మాట ఎక్కడా పాలిష్ కొట్టలేదు. రాష్ట్రాలు దాటి మోగింది. అదే ఏడాది ‘అరవింద సమేత’లోనూ ఆయన గొంతు వినిపించింది. సీమ అంటే సుమోలు, బాంబులు అని నేర్పిన తెర మీదే సీమ పాట సొంత యాసలో నిలబడింది. వినేవాళ్ళకు మాట మొత్తం అర్థం కాకపోయినా పర్లేదు. అబద్ధం పాడితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

మరో సంగతి. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రం జానపద గీతాలు వేసేటప్పుడు మా జేజి పని ఆపి వినేదట. “మన మాదిరే పాడతాండారే” అని మురిసిపోయేదని అత్త చెప్పింది. అలా మురిసిన మనిషి పాటకు యాస మార్చడానికి నాకు మనసొప్పలేదు.

ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలి?

మిక్స్, మాస్టర్ అయ్యాక పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చాలి. నేరుగా మనం పెట్టలేం. డిస్ట్రిబ్యూటర్ల ద్వారా పంపాలి. ప్రతి రికార్డింగ్‌కూ 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఇస్తారు. అది పాటకు ఆధార్ నంబర్ లాంటిది. సౌండ్ మరీ పెంచి పంపొద్దు. స్పాటిఫై లాంటి యాప్‌లు దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరకు ఎలాగూ తగ్గించేస్తాయి.

ఫారంలో ఒక ఖాళీ దగ్గర నేను రెండు రోజులు ఆగా. ‘రచన, సంగీతం ఎవరిది?’ అక్కడ నా పేరు కొట్టేస్తే అడిగేవాడు లేడు. చాలామంది చేసేది అదే. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని మొదట పాడిందెవరు, సేకరించిందెవరు అన్న చర్చ టీవీల దాకా వెళ్ళింది మనకు గుర్తే.

చట్టం ఏమంటుందో కాస్త చదివా. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు హక్కు వాళ్ళ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. రికార్డింగ్ మీద హక్కు వేరే. అది ప్రొడ్యూసర్‌ది, విడుదలైన తర్వాత 60 ఏళ్ళు. ఎవరు కట్టారో తెలియని తరతరాల పాటకు ఓనర్ ఉండరు. మన రికార్డింగ్‌కు మాత్రం మనమే ఓనర్. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. పాడిన మనిషికి కూడా ప్రదర్శన హక్కు అని విడిగా ఉంటుంది. అది 50 ఏళ్ళు. అంటే మీ ఊళ్ళో ఒక ముసలాయన చేత పాడించుకుని, బీట్ వేసి, ఆయన పేరు లేకుండా రిలీజ్ చేస్తే అది మర్యాద తప్పడం ఒక్కటే కాదు. హక్కు తినేయడం కూడా.

సొంతంగా రాసి, బాణీ కట్టేవాళ్ళు ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. 1969 నుంచి ఉన్న ఆ సంస్థ రచయితలకు, స్వరకర్తలకు రావాల్సిన రాయల్టీ వసూలు చేసి పంచుతుంది.

నేను చివరికి ఇలా నింపా. రచన, సంగీతం దగ్గర ‘సంప్రదాయం’. గాయని దగ్గర జేజి పేరు. రెండు పాటలకు అత్త పేరు. అరేంజ్‌మెంట్, ప్రొడక్షన్ దగ్గర నా పేరు. అత్తతో తెల్ల కాగితం మీద ఒక ఒప్పందం కూడా రాసుకున్నా. రూపాయి వస్తే అర్ధరూపాయి నీదని చదివి వినిపించా.

“రూపాయి వచ్చాదంటావా?” అంది సంతకం పెడుతూ.

నిజాయితీగా చెప్పాలంటే ఇప్పటిదాకా పెద్దగా రాలేదు. కొన్న మైక్ డబ్బులు కూడా వెనక్కి రాలేదు. ఈ దారిలో ఉద్యోగం మానేయమని ఎవరికీ చెప్పను.

మళ్ళీ హెడ్‌ఫోన్స్

ఆరు పాటలు, 23 నిమిషాలు. పూర్తయిన రోజు మళ్ళీ ప్రొద్దుటూరు వెళ్ళా. ముందు అత్త పాడిన పాట పెట్టా. మధ్యలో ఆమె చెయ్యెత్తి ఆపమంది.

“ఈడ గింజలు రోంత ఎక్కువ పోసినా. సూడు, ఎట్ల బరువైందో.”

తర్వాత జేజి పాట. మొదటిసారి విన్నప్పటిలా కళ్ళు మూసుకోలేదు. చూపు దొడ్డి వైపు పోయింది. కుడిచెయ్యి ఒళ్ళో గుండ్రంగా తిరగడం మొదలైంది. కోడి కూసినప్పుడు నవ్వింది. అయిపోయాక బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. హెడ్‌ఫోన్స్ తీయకుండానే, “ఇంగోతూరి పెట్టు” అంది.

మూడోసారి అయ్యాక నా ఫోన్ వైపు చూసి చెప్పింది. “దంపుడు పాట ఒకటుండాది. మాయమ్మ కంటే మా జేజికి బాగొచ్చు. నాకు సగమే గుర్తుండాది. రోకలి యాడుందో ఎతుకు, పాడతా.”

రోకలి దొరకడానికి ముందే నేను రికార్డు బటన్ నొక్కేశా. ఈసారి వావ్‌లో.